పీఠికాపుర ప్రాంతమున ఆది ఆంధ్రోద్యమము – మిత్రబలము



వార్షిక మహాసభ జరుగునపుడు సంచికయందొక చరిత్ర వ్యాసము ప్రకటించుట మన సంఘమున కాచారము. సాధారణముగ నట్టి వ్యాసములు కులముయొక్క ప్రాచీన వైభవమును, మూలపురుషులను, బిరుదములను గూర్చి వ్రాయబడుచుండును. మేమీ యేడు ఆ మార్గమును విడిచితిమి. నూరేండ్లకు పూర్వము మన పెద్దలు, తమకు జరుగుచున్న యన్యాయమునకు ప్రతిక్రియ గోరి, తమవారు కానివారిని సైత మెట్లు కూడగట్టుకొనిరో, ఆ కూడికలో నేది నిలిచెనో, ఏది చెడెనో విన్నవించుట మా యుద్దేశము. ఇది కాలక్షేపమునకై వ్రాసినది కాదు. 2025వ సంవత్సరమున మన పిఠాపుర మండలములోనే జరిగిన సంగతి యొకటి యీ చరిత్రమును మరల చదువుకొనవలసిన యక్కరను దెచ్చిపెట్టినది. దానిని వ్యాసాంతమున ముచ్చటింతుము.

అన్యాయ స్వరూపము

గోదావరి డెల్టా సస్యశ్యామలమని యెల్లరు నెరిగినదే. 1847లో నారంభమై 1852లో ముగిసిన ధవళేశ్వరపు ఆనకట్ట యీ సీమ రూపమునే మార్చివైచెను. వానకై యెదురుచూచు చేలు మాగాణులయ్యెను, పల్లెలు పట్టణములయ్యెను, పట్టణములలో వర్తకము వర్ధిల్లెను. ఈ సంపదను గూర్చి చెప్పునపుడు కాటను దొరగారి పేరు దలచుట న్యాయమే. కాని కాలువలు త్రవ్విన చేతులును, నాట్లు వేసి, కలుపు దీసి, కోసి, కుప్పవేసి, నూర్చిన చేతులును ఎవరివని ప్రశ్నించుకొనవలదా? అవి చాలభాగము మాలపల్లెలవారివి, మాదిగగూడెములవారివి.

ఆ చేతులకు దక్కిన దేమి? అప్పుకై తండ్రి పాలేరుగ కుదిరిన యింట నా యప్పు తీరకయే కొడుకును కుదురుచుండెను. ఊరి మంచినూతికడ చేద వేయుట కధికారము లేక, దయతలచి నీరు పోయువారి రాకకై కడవతో దూరముగ నిలుచుండవలసియుండెను. బడి యరుగు నెక్కరాదు. కొన్ని వీథుల నడువరాదు. పాదగయాక్షేత్రమని పేరెన్నికగన్న మన పిఠాపురమునకు దూరదేశములనుండి యాత్రికులు వచ్చుచుండగా, ఈ యూరి మట్టిలో బుట్టి యీ మట్టి దున్నినవారికి, దేశమందలి తక్కిన యూళ్లయందువలెనే, కోవెల గడప దాటు హక్కు లేకుండెను. వీటికన్నిటికిని మకుటమై 'పంచములు' అను పేరు. నాలుగు వర్ణములకు వెలియైన యైదవవారని దాని యర్థము. అన్యాయము చేసినవారే పేరును పెట్టిరి. ఆ పేరే యన్యాయమునకు కారణమని చూపిరి.

మొదట తెరచిన తలుపులు

ఇట్టి స్థితిలో ప్రథమమున తలుపు తెరచినవారిలో విదేశీయులుండిరి. కెనడా దేశపు బాప్తిస్టు మిషనువారు 1874లో కాకినాడకు వచ్చి, పిదప పిఠాపురమునను తమ కార్యమును విస్తరింపజేసిరి. మతమును గూర్చి యెవరి యభిప్రాయ మెట్లున్నను, మాలపల్లెయందు బడి పెట్టి పలకయు బలపమును చేతికిచ్చిన వారి మేలును మరచుట కృతఘ్నత యగును. చదువు వచ్చిన మొదటి తరమువా రనేకు లా బడులనుండియే వెలువడిరి.

రెండవ తలుపు రాజమహేంద్రవరమున తెరువబడెను. కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీని మొదటి వితంతు వివాహమును జరిపించిరి. ఇది మన వ్యాసవిషయము కాదని కొందరనవచ్చును. కాని యందొక పాఠము కలదు. పంతులుగారి సాహసమునకు ధనబలమై నిలిచినవారు కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు. బ్రాహ్మణ సంస్కర్తకు వైశ్య వర్తకుడు తోడయ్యెను. ఒక కులమునకు జరుగు కార్యమునకు మరియొక కులమువాడు తన సంచి విప్పుట యీ గోదావరీతీరమున నంతకు మున్నరుదు. పరుల కష్టమును తన పనిగ దలచు నలవాటు అచ్చటనే మొలకెత్తెనని మేము తలంతుము.

మూడవ తలుపు మన పిఠాపురమువారిది. పిఠాపురం రాజావారి పేర కాకినాడలో వెలసిన విద్యాలయము 1852లో పాఠశాలగ నారంభమై 1884లో కళాశాల యయ్యెను. ఇరువదవ శతాబ్దపు మొదటి యేండ్లలో రఘుపతి వేంకటరత్నం నాయుడుగారు దానికి అధ్యక్షులుగ వచ్చి 1919 వరకు నా పదవి నలంకరించిరి. 1862లో మచిలీపట్టణమున జనించిన యీ మహనీయులు బ్రహ్మసమాజ మతానుయాయులు. కులభేదమును మాటలతో ఖండించి యింటిలో పాటించువారు కారు. అనాథలను చేరదీసి బిడ్డలవలె బెంచిరి. వారి ప్రభావమున పిఠాపుర మహారాజా రావు వేంకటకుమార మహీపతి సూర్యారావు బహద్దరువారు బ్రహ్మసమాజాభిమానులై, కాకినాడలో అనాథ శరణాలయమును, అస్పృశ్యులని యెంచబడిన కులముల విద్యార్థులకు వసతిగృహమును నెలకొల్పిరి. కళాశాల ద్వారము స్త్రీలకును, మన బాలురకును తెరువబడెను.

సూర్యారాయాంధ్ర నిఘంటువును వెలయించిన ప్రభువుగ మహారాజావారిని పండితలోకము స్మరించును. మేమును స్మరింతుము. కాని పల్లెనుండి వచ్చిన బాలునకు దీపము, చాప, రెండు పూటల యన్నము నిచ్చిన వసతిగృహము ఆ మహానిఘంటువునకు తీసిపోవునని మేమనుకొనము. భాషలో ప్రతి పదమునకును చోటిచ్చిన ప్రభువే, ఊరిలో చోటులేని మనుజునకును చోటిచ్చెను. మామిడికుదురునందు 1911లో పేదయింట జనించిన బోయి భీమన్నగారు కాకినాడలో చదివి, 'పాలేరు' నాటకకర్తయై, 1975లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానమును, 2001లో పద్మభూషణ బిరుదమును బడయుటను తలపోసినచో, తెరచిన తలుపు యొక్క విలువ బోధపడగలదు.

బెజవాడ సభ – పేరు మార్పు

ఇంతవరకును మిత్రుల మేలును చెప్పితిమి. కాని మిత్రుడెంత యుదారుడైనను, బాధ యనుభవించినవాడే తన బాధకు పేరు పెట్టవలెను. ఈ సత్యము 1917వ సంవత్సరము నవంబరు 4, 5, 6 తేదీలలో బెజవాడయందు వెల్లడియయ్యెను.

ఆ సభను సమకూర్చుటకు గూడూరు రామచంద్రరావుగారు పాటుపడిరి. వారు బ్రాహ్మణులు, గుడివాడ ప్రాంతమున నస్పృశ్యుల సేవకు బూనుకొన్నవారు. సభకు ముందుగ పెట్టిన పేరు 'ప్రథమాంధ్రదేశ పంచమ మహాజనసభ'. అధ్యక్షులుగ హైదరాబాదునుండి భాగ్యరెడ్డి వర్మగారిని ఆహ్వానించిరి. 1888లో జనించి, 1906లోనే హైదరాబాదున జగన్మిత్రమండలిని స్థాపించి, మన జనులలో జాగృతి గలిగించిన ధీశాలి యాయన. అధ్యక్షపీఠమునుండి వారు ముందుగ నాక్షేపించినది సభ పేరునే. పంచమ శబ్దమునకు శాస్త్రపురాణములయం దాధారము లేదనియు, ఈ దేశపు ఆదినివాసులైన మనము ఆది ఆంధ్రులమనియు వాదించిరి. సభ యా మాట నంగీకరించి, 'ఆది ఆంధ్ర మహాజనసభ' యని తన పేరు మార్చుకొనెను. ఆ దినములలో బెజవాడ కనకదుర్గమ్మవారి యాలయమును, సభకు వచ్చినవారు ప్రవేశింతురేమో యను భీతిచే, మూసివైచిరని చరిత్రకారులు వ్రాసియున్నారు.

ఇందు గమనింపవలసిన దొకటి కలదు. పిలిచినవారు పెట్టిన పేరును పిలువబడినవారు కాదనిరి. పిలిచినవారు కోపగింపలేదు, పందిరి విప్పలేదు, క్రొత్త పేరుతోనే సభ సాగెను. మిత్రుడనగా నట్టివాడు. తా నిచ్చినదానిని ఎదుటివారు దిద్దినపుడు తన మేలు మరచిరని వాపోవక, ఆ దిద్దుబాటునకు తలయొగ్గువాడే సాయము చేయుట కర్హుడు. సభవారు వట్టి విలాపముతో లేచిపోలేదు. పాఠశాలలు, నూతులు, స్థానిక సంస్థలయందును శాసనసభయందును ప్రాతినిధ్యము అని కోర్కెలను విడివిడిగ తీర్మానించిరి. దయ గోరువాడు తన దుఃఖమును చెప్పుకొనును. హక్కు గోరువాడు తనకు రావలసినదానిని లెక్కించి చెప్పును. బెజవాడలో మనవారు లెక్కించి చెప్పిరి.

ఆ పిలుపు గోదావరీ మండలమునను ప్రతిధ్వనించెను. రాజమహేంద్రవరమున వైద్యులైన కుసుమ ధర్మన్నగారు 'జయభేరి' పత్రికను నడిపి, పల్లె పల్లెకు దిరిగి ప్రబోధించిరి. తెల్లదొరతనము వలదని దేశమంతయు పాడుచుండగా, నల్లదొరతనము మాత్రము కావలెనా యని ప్రశ్నించిన కవి యాయన. ఆ ప్రశ్న స్వరాజ్యవాదులకు చేదైనను, స్వరాజ్యమునకు ద్రోహము కాదు. అది స్వరాజ్యమున కర్థము వెదకు ప్రశ్న. 1931వ సంవత్సరపు జనాభా లెక్కలనాటికి మదరాసు రాజధానిలోని మాల మాదిగలలో సుమారు మూడవవంతు తమను ఆది ఆంధ్రులని వ్రాయించుకొనిరి. బెజవాడ పందిరిలో బుట్టిన పేరు పదునాలుగేండ్లలో నింతదూరము నడచెను.

కాకినాడ కాంగ్రెసు – తలలెంచని పంపకము

మిత్రబలమనునది రెండంచుల కత్తి. తోడువచ్చినవాడే తీర్పరి యైనచో నేమగునో 1923 డిసెంబరులో, మన సమీపమునగల కాకినాడలోనే, లోకము చూచెను. ఆ యేటి కాంగ్రెసు మహాసభకు మౌలానా మహమ్మదాలీగారు అధ్యక్షులు. వారి యుపన్యాసమున నస్పృశ్యుల యుద్ధరణమును గూర్చి యొక సూచన వచ్చెను: దేశమును ప్రాంతములుగ విభజించి, హిందూ సంస్థలును ముస్లిము సంస్థలును వేర్వేరుగ వారిని ఉద్ధరించి తమ సంఘములలో గలుపుకొనవచ్చునని దాని భావము. మౌలానాగారి దేశభక్తియందు మాకు సంశయము లేదు. హిందూ ముస్లిముల మైత్రికై వారు పడిన పాటు నెరుగుదుము. కాని కోట్లకొలది మనుజులను తోటలోని చెట్లవలె పంచుకొను నా మాటలో, ఆ మనుజుల యభిప్రాయ మడుగవలెనను స్ఫురణయే కానరాదు. పిమ్మట డాక్టరు అంబేద్కరుగారు దానిని తీవ్రముగ విమర్శించిరి.

బెజవాడలో పిలిచినవాడు పేరు మార్చుకొనెను. కాకినాడలో పిలువకయే పంపకము జరుగబోయెను. ఆరేండ్ల యెడముతో జరిగిన యీ రెండు సభలను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో, మేము చెప్పదలచిన దంతయు వానిలోనే కలదు. అన్యాయమునకు గురియైనవారు ముందు నడువగా తక్కినవారు తోడు నడచుట మిత్రబలము. తక్కినవారు ముందు నడచి, బాధితులను వెంట లాగుకొనిపోవుట మిత్రబలము కాదు. అది క్రొత్త యజమానత్వము.

ఉత్తరువులు, శాసనములు

సభలు తీర్మానించినంతమాత్రమున లోకము మారదు. తీర్మానము ఉత్తరువు కావలెను. ఉత్తరువు శాసనము కావలెను. శాసనము గ్రామమున నమలు కావలెను. మదరాసు శాసనసభలో ఎం. సి. రాజాగారు 1922 జనవరిలో తెచ్చిన తీర్మానము ననుసరించి, అదే సంవత్సరము మార్చి 25వ తేదీని ప్రభుత్వము పంచమ, పరయ శబ్దములను తన కాగితములనుండి తొలగించి, ఆంధ్ర జిల్లాలలో ఆది ఆంధ్రులనియు, అరవ జిల్లాలలో ఆది ద్రావిడులనియు వాడవలెనని యుత్తరువు చేసెను. బెజవాడలో కోరిన పేరు అయిదేండ్లలో సర్కారు పేరయ్యెను. 1924లో రెట్టమలై శ్రీనివాసన్ గారి తీర్మానముచే రాజవీథులు, సర్కారు నూతులు, చెరువులు ఎల్లవారికిని సమానమని స్పష్టీకరింపబడెను. 1938లో రాజాగారు ప్రవేశపెట్టిన పౌర నిర్బంధముల నివారణ శాసనము మదరాసు సభలో నెగ్గెను.

ఈ విజయము లొంటరిగ వచ్చినవి కావు. ఆ సభలలో మనవారు మిక్కిలి కొలదిమంది. ఇతరుల చేతులు లేవనిదే యే తీర్మానమును నెగ్గియుండదు. అట్లని యితరుల చేతులు ఎల్లప్పుడును లేచినవా? లేదు. అదే 1938లో రాజాగారు తెచ్చిన దేవాలయ ప్రవేశ బిల్లునకు అప్పటి మంత్రివర్గము తోడ్పడలేదు, అది వీగిపోయెను. అంతకు అయిదేండ్లకు ముందు, 1933 డిసెంబరులో, గాంధీమహాత్ముడు హరిజనయాత్రలో మన ఆంధ్రజిల్లాలలో సంచరించినపుడు, వేలకొలది జనులు నగలు, నాణెములు ఆయన చేతిలో పోసిరి. నగ తీసి యిచ్చుట సులభము. ఓటు తీసి యిచ్చుట కష్టము. మదరాసు రాజధానిలోని కోవెలలన్నిటికిని వర్తించు శాసనము వచ్చుటకు 1947 వరకు వేచియుండవలసివచ్చెను. 1950 జనవరి 26వ తేదీనుండి రాజ్యాంగములోని 17వ యధికరణము అస్పృశ్యతను రద్దుచేసెను. 1955లో నా నేరములకు శిక్షాశాసనము వచ్చెను. 1960లో దామోదరం సంజీవయ్యగారు ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రియై, భారతదేశమున నా పదవి నధిష్ఠించిన ప్రథమ దళితుడైరి.

విదేశములనుండి రెండు దృష్టాంతములు

ఇట్టి కథ మన దేశమునకే పరిమితము కాదు. జపాను దేశమున చర్మకారవృత్తులును, పశువధాదులును చేయువారిని అపవిత్రులని వెలివేసి, వారి పల్లెలను వేరుచేసి యుంచిరి. 1871లో ప్రభుత్వము వారిని సమానులని ప్రకటించినను, లోకము మారలేదు. కొందరు దయాళువులు వారి నడవడిని సంస్కరించుటకై సంఘములు పెట్టిరి. తుద కా జనులే 1922 మార్చి 3వ తేదీని క్యోటో నగరమున సమావేశమై 'సుయిహేయ్‌షా', అనగా సమతాసంఘము, స్థాపించుకొనిరి. జాలిపడువారి జాలి తమకు వలదనియు, తమ విముక్తి తమచేతనే కావలెననియు ప్రకటించిరి. మదరాసు ప్రభుత్వము మన పేరు మార్చిన నెలయు నదియే. వేల మైళ్ల దూరమున, ఒకరి నొకరెరుగని రెండు జనసమూహములు, ఒకే నెలలో, ఒకే సత్యమును లోకమునకు జాటినవి. వారు తమ కాళ్లపై నిలిచిన పిదపనే, కార్మికులును పండితులును రాజకీయ పక్షములును వారితో గలిసిరి; 1969లో వారి పేటల యభివృద్ధికై ప్రత్యేక శాసనము వచ్చెను.

రెండవది అమెరికా దేశమునందలిది. 1942లో జపానుతో యుద్ధము జరుగుచుండగా, జపాను సంతతికి జెందిన సుమారు 1,20,000 మందిని, వారిలో నధికులు ఆ దేశపు పౌరులే యైనను, ఇండ్లనుండి వెడలగొట్టి శిబిరములలో నిర్బంధించిరి. నేరము రుజువు చేసినది లేదు. ఆ దేశపు జనసంఖ్యలో వారు పిడికెడుమంది. తమ యోట్లతో నేమియు సాధింపలేనివారు. కాని వారు వీరసైనికుల సంఘములను, నల్లజాతి శాసనసభ్యులను, క్రైస్తవ యూద మత సంస్థలను, న్యాయవాదులను నోపికతో కూడగట్టిరి. 1980లో విచారణసంఘ మేర్పడెను. 1988 ఆగస్టు 10వ తేదీని రాజ్యము బహిరంగముగ క్షమాపణ చెప్పి, బ్రదికియున్న ప్రతివానికి 20,000 డాలర్ల చొప్పున నిచ్చుటకు శాసనము చేసెను. తాము కోరున దేమో స్పష్టముగ చెప్పుటయు, 'ఇది నాకొక్కనికి జరిగినది కాదు. రేపు నీకును జరుగవచ్చును' అని యితరులకు బోధపరచుటయు – ఈ రెండే వారి యాయుధములు.

మన కూడికలోని లోపములు

చరిత్రము స్తోత్రపాఠము కాదు గనుక మన వైపు లోపములను కూడ చెప్పవలెను. మొదటిది భూమి. పిఠాపుర సంస్థానము వసతిగృహమిచ్చెను; విద్య నిచ్చెను; కాని జమీందారీ పద్ధతియే యుండగా దున్నువాడు దున్నువాడుగనే యుండెను. 1948లో మదరాసు ఎస్టేటుల రద్దు శాసనము వచ్చినపుడు, పట్టా కలిగిన రైతు బాగుపడెను. పట్టాలేని పాలేరు మరల నడుగుననే మిగిలెను. దాత యెంతటివాడైనను తన కూర్చున్న కొమ్మను తాను నరుకుకొనడు. దాతను నిందించుటకు కాదు, దాతృత్వమున కవధి యెచ్చటనో యెరిగియుండుటకు మేమీ మాట వ్రాయుచున్నాము. ఆ యవధి దాటిన పిదప పని చేయవలసినది శాసనము. శాసనమును రప్పించునది ఐకమత్యము.

రెండవది మన యింటిలోనిది. ఆది ఆంధ్ర నామము మాల మాదిగ సోదరులను ఒక గొడుగు క్రిందికి దెచ్చెను. కాని గొడుగు నీడ అందరిపై సమముగ పడినదా యను ప్రశ్న నానాట పెరిగెను. 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడియందు మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి వెలసెను. వర్గీకరణ శాసనమును సుప్రీంకోర్టు 2004లో కొట్టివేసెను. 2024 ఆగస్టు 1వ తేదీని ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఆ తీర్పును త్రోసిపుచ్చి, ఉపవర్గీకరణ చేయుటకు రాష్ట్రములకు అధికారము కలదని చెప్పెను. ఈ వివాదమున నెవరి పక్షమో వహించి వ్రాయుట కిది స్థలము కాదు. కాని యొక్క మాట తప్పదు. బయటివారిని న్యాయ మడుగువారు తమలో తాము న్యాయముగ పంచుకొనవలెను. ఇంటిలో లెక్క తేలని కూటమి వీథిలో నిలువజాలదు.

నిన్నటి మాట, నేటి మాట

1985 జూలై 17వ తేదీని కారంచేడున ఆరుగురు దళితులు హతులైనపుడు, ప్రాణభీతితో చీరాల చేరిన జనులనుండి దళిత మహాసభ పుట్టెను. అచ్చట నాయకత్వము బాధితులదే. న్యాయవాదులు, పౌరహక్కుల సంఘములు, విద్యార్థులు, వామపక్షములవారు వెనుక నిలిచిరి. మన కోనసీమ బిడ్డ, న్యాయవాది బొజ్జా తారకంగారు ప్రభుత్వోద్యోగమును విడిచి వారికి తోడైరి. దేశమంతట జరుగుచున్న యిట్టి ఘోరముల ఫలితముగ 1989లో షెడ్యూల్డు కులముల, తెగలపై అత్యాచారముల నిరోధక శాసనము వచ్చెను. సాంఘిక బహిష్కారము విధించుట యా శాసనముచే నేడు శిక్షార్హమైన నేరము.

ఇక మొదట చెప్పెదమన్న సంగతి. 2025 ఏప్రిల్ నెలలో పిఠాపుర మండలములోని మల్లాము గ్రామమున, విద్యుత్తు పనికి పోయిన దళిత కార్మికు డొకడు విద్యుద్ఘాతముచే మరణించెను. ఆ కుటుంబమునకు పరిహారము కోరిన పిమ్మట, గ్రామమందలి దళితులకు పనులును, అంగడులలో సరుకులును నిరాకరింపబడెనని పత్రికలయందు వార్తలు వచ్చెను. అధికారులు గ్రామమునకు వచ్చి యిరువైపులవారితో మాటలాడి, సమాధానపరచిరి. అంతట నా వార్త పత్రికలనుండి మరుగయ్యెను.

కాని మన మనస్సులనుండి మరుగు కారాదు. ధవళేశ్వరపు ఆనకట్ట నిలిచి నూటడెబ్బది యేండ్లు దాటెను. బెజవాడ సభ జరిగి నూరేండ్లు దాటెను. సూర్యారావు బహద్దరువారి వసతిగృహమున చదివినవారి మనుమలు నేడు వైద్యులు, ఉపాధ్యాయులు, అధికారులు. అయినను ఒక చావునకు పరిహార మడిగినందులకు కొట్టువాడు ఉప్పు అమ్మకపోవుట యీ మండలముననే సంభవించినదని విన్నాము. నూతి కడ నిలిచిన కడవ కథ ముగిసినదని తలచితిమి. అది అంగడి కడ సంచియై మరల నిలిచినది.

అట్టి దినమున నధికారి రావలెను, శాసన మమలు కావలెను, అది నిశ్చయము. కాని యధికారి సాయంకాలమునకు కాకినాడ పోవును. మరునాడు ఉదయమున గ్రామమున నుండువారు ఇరుగుపొరుగువారే. ఆ యుదయమున మొదటి సరుకును తూచి యిచ్చు వర్తకుడెవడు? 'నా చేనికి రమ్ము' అని పిలుచు రైతెవడు? బాధితుల వెంట తాలూకా కచ్చేరికి నడచు ఇతరకులస్థుడెవడు? మిత్రబలమనగా మహాసభ వేదికమీది పూలదండలు కావు. ఆ వర్తకుడు, ఆ రైతు, ఆ నడచువాడు.

పోషక మహాశయులారా! మీలో ననేకులు మా కులమువారు కారు. అయినను ఏటేట మా విద్యార్థులకు వేతనములు, మా సభలకు విరాళములు నొసగుచున్నారు. మేము కృతజ్ఞులము. ఈ యేడు మీ విరాళముతోపాటు మరియొకటి వేడుకొనుచున్నాము. మీ గ్రామమున నిట్టి దొకటి జరిగిన దినమున, మా పిలుపునకై వేచియుండక, ముందుగ బాధితుల యింటికి పొండు. 'మీరేమి కోరుచున్నారు?' అని యడుగుడు. వారు చెప్పినదానినే మీ నోటితో నూరివారికి చెప్పుడు. గూడూరు రామచంద్రరావుగారు చేసిన దంతియే. చరిత్రమున వారి పేరు నిలుచుట కదియే చాలెను.

సోదరీసోదరులారా! మనకును పని కలదు. సాయము వచ్చువరకు నోరు మూసికొని, వచ్చిన పిదప దానినే నమ్ముకొని యుండరాదు. మన కోర్కెను మనమే లెక్కించి, మన మాటతో మనమే వ్రాసి, నలుగురి చేతను చదివింపవలెను. ఈ మహాసభ తీర్మానములను సిద్ధపరచువారు, బెజవాడవారివలెనే, విలాపమును తగ్గించి లెక్కను పెంచవలెనని ప్రార్థన. గ్రామమున కొకరు చొప్పున, అత్యాచార నిరోధక శాసనమును చదివి చెప్పగల యువతీయువకులను తయారు చేయుట మొదటి తీర్మానము కావలెనని మా మనవి. శాసనము కచ్చేరిలో నున్నంతకాలము అది కాగితము. పేటలో నొకరికి నోటికి వచ్చిన దినమున అది కావలి.

పేరు మనమే పెట్టుకొంటిమి. దారియు మనమే వేయవలెను. ఆ దారిని మనతో నడచుటకు వచ్చు ప్రతివానికిని, వాడు ఏ కులమువాడైనను, ఏ మతమువాడైనను, మన ముంగిట పీట వేసియుంచుదము.

శుభమస్తు.